క్రిస్మస్ బుట్టకు పలాస జీడిపప్పు: గుండు వద్దు, బద్ద కొనండి

డిసెంబరు మొదటి వారం దాటేసరికి విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళం జీటీ రోడ్డు పొడుగునా గిఫ్టు బుట్టలు కనిపిస్తాయి. మెరిసే కాగితం, పైన రిబ్బను, లోపల నాలుగైదు చిన్న డబ్బాలు. విప్పి చూస్తే చాలా బుట్టల్లో అడుగున కాగితపు తురుమే ఎక్కువ, తినే సరుకు తక్కువ. అదే డబ్బు పెట్టి ఇంట్లో చేసుకుంటే ఇచ్చే చేతికి తృప్తి, పుచ్చుకునే ఇంటికి కడుపు నిండా తిండి. మన రెండు జిల్లాల వాళ్లకు ఇంకో వీలు కూడా ఉంది. బుట్టలోకి వెళ్లే వాటిలో బాగా ఖరీదైనది జీడిపప్పు. అది తయారయ్యేది పక్కనే, పలాస-కాశీబుగ్గలో.

అయితే అక్కడే చాలామంది డబ్బు పారబోసుకుంటున్నారు. పండక్కి ఇచ్చేది కదా అని పెద్ద గుండు పప్పు, అంటే విరగని మొత్తం గింజ, కొనేసి, ఇంటికొచ్చి దాన్నే విరిచి కేకులో వేస్తున్నారు, దంచి పాకంలో కలుపుతున్నారు. అందుకే ఈ సమీక్ష పలాస జీడిపప్పు రకాల గురించి. ఐదు ఇళ్లకు తక్కువ ఖర్చులో బుట్టలు కట్టాలంటే ఏ రకం, ఎంత, దేనికి కొనాలో చూద్దాం.

నంబర్ల సంగతి

పలాస వ్యాపారి నోట మొదట వినపడేది నంబరు: 180, 210, 240, 320, 450. నంబరును చాలామంది నాణ్యత గుర్తు అనుకుంటారు గానీ అది ఉత్త లెక్క. ఒక పౌను బరువుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. నంబరు తక్కువైతే గింజ పెద్దది. 450 రకం చిన్న గింజ, 180 రకం బొటనవేలంత గింజ. రుచిలో ఈ రెండింటికీ తేడా లేదు. ఒకే తోటలో, ఒకే చెట్టు మీద పెద్ద పిక్కా (తొక్కతో ఉన్న జీడిగింజ) కాస్తుంది, చిన్న పిక్కా కాస్తుంది.

దుకాణంలో చెప్పిన నంబరు నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వంటింటి త్రాసులో 100 గ్రాములు తూచి గింజలు లెక్కపెట్టండి. 180 రకమైతే 38 నుంచి 40 రావాలి. 210 అయితే 44 నుంచి 46, 240 అయితే 49 నుంచి 53, 320 అయితే 66 నుంచి 70. 450 రకానికి 88 నుంచి 99 దాకా వస్తాయి. 240 అని చెప్పి ఇచ్చిన పొట్లంలో 60 గింజలు లెక్కకొస్తే అందులో 320 కలిసిందన్నమాట. రెండు మూడు కిలోలు కొనేటప్పుడు ముందు 100 గ్రాములు తీసుకుని ఈ లెక్క చూసుకోవడం మంచిది.

గుండు తర్వాత బద్ద. పప్పు నిలువునా రెండుగా విడిపోతే బద్ద అంటాం. కొందరు వ్యాపారులు దీన్నే జేహెచ్ అంటారు. అడ్డంగా విరిగితే ముక్క. ముక్కల్లో పెద్దవి, చిన్నవి వేరు చేస్తారు, అన్నిటికంటే కింద నూక. ధర కూడా ఇదే వరసలో దిగుతుంది. పిక్క కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచేటప్పుడు కొన్ని విరగడం మామూలే. 80 కిలోల పిక్కల బస్తా ఆడితే 20 కిలోల చుట్టూ పప్పు వస్తుంది, అందులో గుండు, బద్ద, ముక్క అన్నీ కలిసే ఉంటాయి. విరిగినంత మాత్రాన ఆ పప్పుకి లోటు ఏమీ లేదు. గుండుకి మనం ఎక్కువ ఇచ్చే డబ్బంతా దాని రూపం కోసమే.

నా ఓటు అందుకే బద్దకి. బుట్టలో పెట్టేవి మిరియాల జీడిపప్పు, జీడిపప్పు పాకం, కేకు అయితే రూపం కనిపించేది ఒక్క కేకు పైనే. అక్కడ ఒక్కో కేకుకి ఐదు గుండ్లు చాలు. మిగతా చోట్ల బద్ద మెరుగు కూడా. పాకం బద్దకి రెండు వైపులా పట్టుకుంటుంది, గుండు పప్పు మీద నుంచి జారిపోతుంది. ఉప్పూ మిరియాల పొడీ అంతే, బద్ద లోపలి చదును మీద నిలుస్తాయి.

లెక్క వేసి చూద్దాం. ఐదు బుట్టలకి మిరియాల జీడిపప్పుకి 500 గ్రాములు, పాకానికి 550, కేకులోకి 100, కేకు పైన అలంకారానికి 50. మొత్తం 1 కిలో 200 గ్రాములు. జీడిపప్పు ధర వారం వారం మారుతుంది, కాబట్టి ఇక్కడి అంకెలు లెక్క కోసమే. 240 గుండు కిలో 1000 రూపాయలు, 320 గుండు 950, బద్ద 850, ముక్క 750 అనుకోండి. అన్నిటికీ 240 గుండే కొంటే 1,200 అవుతుంది. పాకానికీ మిరియాల పప్పుకీ బద్ద, కేకులోకి ముక్క, పైకి 320 గుండు తీసుకుంటే 1,015. మిగిలిన 185 రూపాయల్లో డబ్బాల ఖర్చు చాలావరకు గడుస్తుంది. మీరు కొనే రోజు ధరలు ఇదే తీరుగా కాగితం మీద పెట్టి చూసుకోండి. ఒక్కోసారి పండగ గిరాకీలో బద్దకీ 320 గుండుకీ తేడా 30, 40 రూపాయలకి దిగుతుంది. అప్పుడు మిరియాల పప్పుకి 320 గుండే తీసుకోవచ్చు.

పలాస దాకా వెళ్లాలా అంటే, శ్రీకాకుళం నుంచి సుమారు 80 కిలోమీటర్లు. బస్సు ఛార్జీ రానూపోనూ ఎంతో చూసి, కిలో మీద మిగిలేదాంతో భాగించండి. వచ్చినన్ని కిలోలైనా కొంటేనే వెళ్లడం గిట్టుతుంది. ఐదు బుట్టలకైతే ఊళ్లోనే కొనడం మేలు. చర్చి తరఫున యాభై బుట్టలు కడుతుంటే మాత్రం తప్పకుండా వెళ్లాలి, ముందు రోజు ఫోను చేసి ధర ఖాయం చేసుకుని మరీ వెళ్లాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

జీడి పంట మనకు ఎండాకాలంలో, మార్చి నుంచి మే దాకా. క్రిస్మస్‌కి మన చేతికొచ్చే పప్పు నెలల తరబడి గోదాములో నిలవున్న పిక్క నుంచి వచ్చిందే అవుతుంది. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. పలాసలో ఆడే పిక్కలన్నీ ఉద్దానం (పలాస చుట్టుపక్కల ప్రాంతం) తోటలవి కావు, ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతి అయిన పిక్క కూడా బాగా ఆడుతున్నారు. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడిచెట్లనీ కొబ్బరిచెట్లనీ వేళ్లతో సహా పెకలించేసింది. కాబట్టి పలాస పప్పు అంటే పలాసలో తయారైన పప్పు అని అర్థం చేసుకోవాలి. ఉద్దానం పంటే కావాలనుకుంటే అడిగి, నమ్మకమైన చోటే కొనాలి. నిలవున్న పిక్క మంచిదే, పిక్క కొట్టి పప్పు తీశాకే చెడటం మొదలవుతుంది. అందుకే అడగాల్సిన ప్రశ్న "ఎప్పటి పంట?" అని కాదు, "ఎప్పుడు కొట్టిన పప్పు?" అని.

ఒక గింజ తీసుకుని వేళ్లతో విరవండి. టక్కున విరగాలి. వంగి, సాగినట్టు విరిగితే తేమ ఎక్కింది. తేమ 5 శాతం లోపు ఉంటేనే పప్పు నిలవుంటుంది. వాసన దుకాణంలో పట్టుకోవడం కష్టం, అక్కడ అన్ని వాసనలూ కలిసి ఉంటాయి. నమూనాకి తెచ్చిన 100 గ్రాముల్లోంచి పది గింజలు చిన్న స్టీలు డబ్బాలో వేసి మూత బిగించి అరగంట ఎండలో పెట్టండి. మూత తీయగానే ముక్కు దగ్గర పెట్టుకోండి. పాత నూనె వాసన తగిలితే ఆ సరుకు వద్దు. ఆ వాసన వేయించితే పోదు, పాకంలో వేస్తే దాగదు.

రంగు విషయంలో కంగారు పడక్కర్లేదు. పిక్కని ఆవిరి మీద ఉడికించి కొడితే పప్పు తెల్లగా వస్తుంది. డ్రమ్ములో కాల్చి కొడితే కాస్త పసుపు ఛాయ, ఘాటైన రుచి ఉంటాయి. కాల్చిన పప్పు దొరికితే పాకానికి అదే బాగుంటుంది. నల్ల మచ్చలు, సన్నని గూళ్లు, సంచి అడుగున తెల్ల పొడి మాత్రం పురుగు గుర్తులు. ముక్కల సంచిలో ఇవి ఎక్కువగా దాగుతాయి కాబట్టి చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీయించి చూడండి. కొన్నాక గాలి చొరని కవరులో కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే కంటికి కనపడని గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక కవరు విప్పకుండా గది వేడికి రానివ్వాలి. చల్లగా ఉండగా విప్పితే పప్పు మీద చెమ్మ చేరి నాలుగు రోజుల శ్రమా వృథా అవుతుంది.

ఉద్దానం వైపు చుట్టాలుంటే పిక్కలే పంపిస్తారు. ఇంట్లో కొట్టుకుంటే ఇంకా చవక కదా అనిపిస్తుంది. ఆ పని పెట్టుకోకండి. తొక్కలోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది, పప్పుకి అంటితే తిన్నవాళ్ల నోరు పొక్కుతుంది. ఆ పని ఫ్యాక్టరీకే వదిలేయాలి.

మిరియాల జీడిపప్పు

బుట్టలో అన్నిటికంటే తేలిక పని ఇది, ముందు ఖాళీ అయ్యేదీ ఇదే. 500 గ్రాముల బద్దకి 8 గ్రాముల ఉప్పు, అంటే చెంచాన్నర. ఉప్పుని పొడిగా చల్లితే పప్పుకి అంటదు, అంతా డబ్బా అడుగుకి దిగిపోతుంది. రెండు పెద్ద చెంచాల నీళ్లలో కరిగించి బద్దల మీద చల్లి, చేత్తో బాగా కలిపి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత మందపాటి మూకుట్లో సన్న సెగ మీద, నూనె లేకుండా వేయించండి. ముందు తేమ ఆరుతుంది, అప్పుడు పప్పు మీద ఉప్పు తెల్లగా పూత పడుతుంది. అక్కడి నుంచి ఒకటిన్నర చెంచా నెయ్యి వేసి కలుపుతూ ఉండాలి. మొత్తం 12 నుంచి 15 నిమిషాలు. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల మీద 20 నిమిషాలు, మధ్యలో మూడుసార్లు తిప్పాలి.

దించే సమయం కీలకం. మీకు కావలసిన రంగు కంటే ఒక ఛాయ తక్కువగా ఉండగానే దించి వెడల్పు పళ్లెంలోకి ఒంపేయాలి. పప్పులో నూనె ఎక్కువ, లోపలి వేడికి ఇంకో రెండు నిమిషాలు దానంతటదే వేగుతుంది. మూకుట్లోనే వదిలేస్తే అడుగున ఉన్నవి మాడిపోతాయి. గుండు, బద్ద, ముక్క కలిపి ఎప్పుడూ వేయించకండి. ముక్క మాడే వేళకి గుండు పచ్చిగానే ఉంటుంది. మిరియాలు రెండు చెంచాలు బరకగా దంచి, సెగ ఆపాక, పప్పు వేడిగా ఉండగా చల్లాలి. సెగ మీద వేస్తే మిరియం మాడి చేదెక్కుతుంది. కరివేపాకు వేసేట్టయితే విడిగా కరకరలాడేలా వేయించి, నలిపి కలపాలి. పచ్చి ఆకు తేమకి డబ్బా మొత్తం మెత్తబడుతుంది.

పూర్తిగా చల్లారడానికి గంట పైనే పడుతుంది. పైన చల్లగా తగిలినా గుట్ట మధ్యలో వేడి ఉంటుంది, కాబట్టి పలచగా పరిచి ఆరబెట్టాలి.

జీడిపప్పు పాకం

ఇందులో గెలిచినా ఓడినా బెల్లం దగ్గరే. అనకాపల్లి బెల్లం మన బజార్లలో ఎక్కడైనా దొరుకుతుంది కానీ, అన్ని బెల్లాలూ పాకానికి పనికిరావు. దిమ్మ పొడిగా, గట్టిగా ఉండాలి. విరిస్తే లోపల చిన్న చిన్న పలుకులు మెరవాలి. వేలితో నొక్కితే లొత్తపడే మెత్తని, చెమ్మగా ఉండే బెల్లం పరమాన్నానికి బాగుంటుంది. పాకం పెడితే ఎంతసేపు ఉడికినా సాగుతూనే ఉంటుంది, ఆరాక కూడా గాలిలో తేమ లాక్కుని జిగురవుతుంది. మరీ తెల్లగా, లేత పసుపు రంగులో మెరిసే బెల్లానికి రంగు కోసం రసాయనం వేసి ఉంటారు, అది కూడా వద్దు. గోధుమ రంగు దిమ్మ ధర తక్కువే, రుచి ఎక్కువ.

550 గ్రాముల బద్దకి 400 గ్రాముల బెల్లం, 80 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు చెంచాల నెయ్యి, అర చెంచా యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. బెల్లం నీళ్లలో కరగగానే వడకట్టండి, ఇసుక లేని దిమ్మ అరుదు. పప్పుని లేతగా వేయించి, పాకం అయ్యే దాకా వెచ్చగానే ఉంచాలి. ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్లే సగం పాకాలు పాడవుతాయి. చల్లని పప్పు పడగానే పాకం గడ్డకట్టి, కలపడానికి రాకుండా ముద్దలుగా నిలిచిపోతుంది.

పాకం నురగ కట్టి, బుడగలు చిన్నవై, రంగు ముదిరే వరకు మధ్యస్తం సెగ. ఉండ పాకం దగ్గర ఆపితే చాలదు, రాతి పాకం కావాలి. గిన్నెలో చల్లని నీళ్లు పెట్టుకుని అర చెంచా పాకం వేయండి. నిమిషం ఆగి తీసి వంచండి. వంగితే ఇంకా కాలేదు. పుల్లలా విరిగి, పళ్లెం మీద పడేస్తే టంగుమంటే అయింది. థర్మామీటరు ఉన్నవాళ్లకి 145 నుంచి 150 డిగ్రీలు. అక్కడి నుంచి అర నిమిషం ఆలస్యమైనా చేదు తగులుతుంది కాబట్టి నీళ్ల గిన్నె, నెయ్యి రాసిన పళ్లెం, నెయ్యి రాసిన అప్పడాల కర్ర ముందే పక్కన పెట్టుకోవాలి.

సెగ ఆపి నెయ్యి, యాలకుల పొడి, ఉప్పు, పప్పు వేసి నాలుగు తిప్పులు తిప్పి వెంటనే పళ్లెంలోకి ఒంపి, సెంటీమీటరు మందంగా ఒత్తండి. రెండు నిమిషాల్లోపు చాకుతో గాట్లు పెట్టేయాలి. ఈలోపు గట్టిపడిపోతే పళ్లెం అడుగుని ఇరవై సెకన్లు సెగకి చూపిస్తే చాకు దిగుతుంది. పాకం లేతగా దిగి ముక్కలు సాగుతుంటే పారేయక్కర్లేదు. చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే చిన్న ఉండలు చుట్టి, ఒక్కోదాన్నీ బటర్ పేపరులో మెలిపెట్టేయండి. పెట్టెలో అవీ అందంగానే ఉంటాయి.

ఈ కొలతకి 950 గ్రాముల దాకా వస్తుంది, బుట్టకి 190 గ్రాములు. పొద్దున మంచు పడే వేళ పాకం చేయకండి, చేసిన పాకాన్ని మూత లేకుండా వదిలేయకండి. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు చేసి, చల్లారిన అరగంటలో మూత పెట్టేయాలి.

కేకు, గులాబీ పువ్వులు

200 గ్రాముల మైదా, 150 గ్రాముల వెన్న, 120 గ్రాముల పంచదార పొడి, మూడు గుడ్లు, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, దాల్చినచెక్క లవంగం జాజికాయ కలిపిన పొడి ఒక చెంచా. రంగుకీ రుచికీ 80 గ్రాముల పంచదారని నీళ్లు లేకుండా కరిగించి ఎర్రగా అవ్వగానే 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు దూరం నుంచి పోయాలి, బాగా చిమ్ముతుంది. చల్లారాకే పిండిలో కలపాలి. కిస్‌మిస్, టూటీ ఫ్రూటీ కలిపి 200 గ్రాములు, జీడిపప్పు ముక్కలు 100 గ్రాములు. సారా వాడని ఇళ్లే మన వైపు ఎక్కువ. కిస్‌మిస్‌ని కమలా రసంలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో నానబెడితే సరిపోతుంది. బయట రెండు మూడు రోజులు ఉంచితే పులిసిపోతుంది.

పళ్లు అడుక్కి దిగడానికి కారణం తడి. నానిన కిస్‌మిస్‌ని గుడ్డ మీద ఆరబెట్టి, కొలిచిన మైదాలోంచే రెండు చెంచాలు తీసి పట్టించి, అన్నిటికంటే ఆఖర్న కలపండి. ఐదు చిన్న అల్యూమినియం ట్రేల్లో సర్ది, ఒక్కోదాని మీద ఐదు గుండ్లు గుచ్చి 160 డిగ్రీల మీద 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. పైన పగిలితే వేడి ఎక్కువైందని అర్థం. ఓవెన్ లేకపోతే కుక్కరులో ఉప్పు పరిచి, గాస్కెట్టూ విజిలూ తీసేసి సన్న సెగ మీద చేయొచ్చు. కానీ ఐదు ట్రేలు ఒకేసారి పట్టవు, గ్యాసు ఖర్చు పెరుగుతుంది. ఊళ్లో తెలిసిన బేకరీని అడిగి చూడండి. కొందరు కూలి తీసుకుని కాల్చి ఇస్తారు.

గులాబీ పువ్వులు లేని క్రిస్మస్ పళ్లెం మన ఇళ్లలో వెలితిగానే ఉంటుంది. ఖర్చు తక్కువ, బుట్ట నిండుగా కనిపిస్తుంది. 150 గ్రాముల బియ్యప్పిండి, 100 గ్రాముల మైదా, 100 గ్రాముల పంచదార పొడి, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల చిక్కని కొబ్బరిపాలు, చెంచా నువ్వులు, చిటికెడు ఉప్పు. ఉద్దానం కొబ్బరికాయ ఒకటి పెద్దదైతే పాలకి చాలు. పిండి దోసె పిండి కంటే కాస్త పలచన. అచ్చుని నూనెలోనే కాగనిచ్చి, ముప్పావు వంతే పిండిలో ముంచాలి. పై అంచు మునిగితే పువ్వు అచ్చుని వదలదు. చల్లని అచ్చుకి పిండి పట్టదు, మరీ కాలిన అచ్చుకి పిండి అక్కడే ఉడికి జారిపోతుంది. కొత్త అచ్చైతే ఒక రాత్రి గంజిలో, ఇంకో రాత్రి నూనెలో ఉంచి మొదటి నాలుగు పువ్వులు లెక్కలోంచి తీసేయండి. పంచదార ఎక్కువైతే త్వరగా ఎర్రబడి, చల్లారాక మెత్తగా వంగుతాయి.

డబ్బాలు, బుట్టలు

గాజు సీసాలు చూడ్డానికి బాగుంటాయి కానీ బరువు, ఖరీదు, బస్సులో భయం. మూత బిగుతుగా పట్టే పారదర్శకపు ప్లాస్టిక్ డబ్బాలే మేలు. తినే వస్తువులకి పనికొచ్చే రకమో కాదో అడుగున ఉన్న గుర్తు చూసి కొనండి. 100 గ్రాముల బద్దకి 200 మిల్లీలీటర్ల డబ్బా నిండుగా సరిపోతుంది. అర లీటరు డబ్బాలో పోస్తే అదే పప్పు పిసినారితనంగా కనిపిస్తుంది. డబ్బా సైజు సరుకుని బట్టి ఎంచుకోవాలి, ముందు డబ్బా కొనేసి దాన్ని నింపే ప్రయత్నం చేయకూడదు.

బుట్టకి నేను చెప్పేది వెదురు. సాలూరు, పార్వతీపురం వైపు సంతల్లో అల్లేవాళ్ల దగ్గరే కొంటే మెరుపు కాగితపు బుట్టల కంటే గట్టివి దొరుకుతాయి. పండగ అయ్యాక ఉల్లిపాయలకో పళ్లకో ఆ ఇంట్లో పనికొస్తాయి. కొత్త వెదురులో పుచ్చు పురుగు ఉండొచ్చు, సన్నని పొడి రాలుతుంటే అదే. రెండు రోజులు ఎండబెట్టి, దులిపి, లోపల మందపాటి కాగితం పరిచి వాడండి. పాత పేపర్లో తినేవి చుట్టవద్దు, సిరా అంటుతుంది. బటర్ పేపరు ఒక చుట్ట కొంటే ఐదు బుట్టలకీ మిగులుతుంది. పైన కప్పడానికి రిబ్బను బదులు చిన్న చేనేత తువ్వాలు బాగుంటుంది. పొందూరు ఖాదీ గుడ్డ అందమే కానీ దాని ధర మొత్తం బుట్ట ధరని దాటేస్తుంది. తక్కువ ఖర్చు బుట్టలో దానికి చోటు లేదు.

కవర్లు అతికించడానికి యంత్రం కొనక్కర్లేదు. కవరు అంచుని హాక్సా బ్లేడు మీదుగా పావు అంగుళం బయటికి మడిచి, వెలిగించిన కొవ్వొత్తి మంట పక్కగా నెమ్మదిగా లాగితే అతుక్కుంటుంది. చేత్తో నొక్కి గాలి బయటికి రావట్లేదని చూసుకోండి.

బుట్టలో ఇంకొంచెం చోటుంటే గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ దుకాణంలో దొరికే తేనె చిన్న సీసా, అరకు కాఫీ పొడి చిన్న పొట్లం పెట్టొచ్చు. రెండూ ధరకి తగినవి, మన కొండల సరుకు. చాక్లెట్లు, బయటి బిస్కెట్ ప్యాకెట్లు పెట్టడం మాత్రం నాకు నచ్చదు. అవి ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి, వాటి పక్కన ఇంటి పాకం చిన్నబోతుంది.

ఎప్పుడు ఏది

డిసెంబరు మొదటి వారంలో పప్పు కొని ఫ్రిజ్‌లో వేయండి. 12, 13 తేదీల్లో గులాబీ పువ్వులు, డబ్బాలో రెండు వారాలు కరకరలాడతాయి. 16, 17 తేదీల్లో పాకం, మర్నాడు మిరియాల పప్పు. కేకు 22కి ముందు చేయొద్దు. వెన్న కేకు చల్లారాక బటర్ పేపరులో చుట్టి పెడితే వారం రోజులు బాగుంటుంది, వేడి మీద మూసేస్తే మూడో రోజుకే బూజు. 23 సాయంత్రం బుట్టలు కట్టేస్తే 24న పంచుకోవచ్చు.

ప్రతి డబ్బా మీద చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలి, ఏమేం వేశామో రాసి అంటించండి. గుడ్డు, జీడిపప్పు, నువ్వులు ఉన్నాయని తప్పకుండా రాయాలి. పడనివాళ్లు ఉంటారు, ఎవరికి పడదో మనకి తెలియదు. మధుమేహం ఉన్న పెద్దల ఇంటికి పాకం, కేకు, గులాబీ పువ్వులు తీసేసి మిరియాల పప్పు రెండు డబ్బాలు పెట్టండి.

దూరపు చుట్టాలకి ఆర్టీసీ కార్గోలో పంపేట్టయితే పాకం, మిరియాల పప్పు నిశ్చింతగా వెళ్తాయి. గులాబీ పువ్వులు ముక్కలవుతాయి. కేకు మీద బరువు పడితే అణిగిపోతుంది కాబట్టి దాన్ని వెళ్లే మనిషి చేతికే ఇవ్వండి. డబ్బాల మధ్య ఖాళీలో కాగితం కుక్కి, అట్టపెట్టె ఊపి చూసి, లోపల ఏదీ కదలకపోతేనే టేపు వేయండి.